పీనుగది ఏ నుడి? బెర్నార్డ్ నైట్ ‘క్రౌనర్ జాన్’ నవలల మీద ఒక మాట

పన్నెండో శతాబ్దపు ఇంగ్లండులో ఒక నియమం ఉండేది. పొలంలోనో, ఏటి ఒడ్డునో, అడివి దోవలోనో ఒక పీనుగ కనిపిస్తే, చంపింది ఎవరు అనేదానితో పాటు ఇంకో ప్రశ్న కూడా అడిగేవాళ్ళు: ఈ చచ్చినోడు నార్మనా, ఇంగ్లీషువాడా? 1066లో ఫ్రాన్సు దిక్కు నుంచి వచ్చి ఇంగ్లండును గెలుచుకున్న నార్మన్లు, తమవాళ్ళను ఊర్లోవాళ్ళు చాటుగా చంపుతారేమోనని పెట్టిన నియమం ఇది. చచ్చినోడు ఇంగ్లీషువాడేనని చుట్టాలు వచ్చి నిరూపిస్తే సరే. నిరూపించలేకపోతే అతను నార్మన్ కిందే లెక్క. అప్పుడు ఆ చుట్టుపక్కల ఊర్లన్నీ కలిసి రాజుకు జుల్మానా కట్టాల. దాని పేరు ‘మర్‌డ్రమ్’. ఇంగ్లీషులో హత్యకు వాడే ‘మర్డర్’ అనే మాట దానికి దగ్గర చుట్టమే. నూరేండ్లు గడిచి, రెండు జాతులూ పెండ్లిళ్ళతో కలిసిపోయి, ఎవరు ఎవరో తెలియని కాలంలో కూడా ఈ నియమం నడిచింది. ఎందుకంటే దాంట్లో దుడ్లు ఉండాయి. 1340లో గానీ దాన్ని ఎత్తేయలేదు.

నోరు లేని పీనుగను పట్టుకుని ‘నీది ఏ జాతి, ఏ నుడి’ అని అడిగే ఈ నియమం చుట్టూ తిరిగే నవలలు ఉండాయి. అవి రాసింది చరిత్ర పంతులు కాదు, శవపరీక్షలు చేసే డాక్టరు. పేరు బెర్నార్డ్ నైట్. మన మాటల చరిత్ర రాసుకునే ఈ చోట ఆయన సంగతి ఎందుకంటే, పాతకాలం మనుషుల చేత ఏ భాష మాట్లాడించాల అనే ప్రశ్నకు ఆయన ఒక జవాబు ఇచ్చినాడు. ఆ జవాబులో సగం మనం నేర్చుకోదగినది. ఇంకో సగం దగ్గర ఆయన నిలిచిపోయినాడు. ఆ నిలిచిపోయిన చోటే హొసూరు, కృష్ణగిరి వైపు వాళ్ళకు పని ఉందని నేననుకుంటాను.

ముందు మనిషి గురించి. బెర్నార్డ్ నైట్ 1931లో వేల్స్ దేశంలోని కార్డిఫ్‌లో పుట్టినాడు. 1954లో డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు. కొన్నాళ్ళు మలయాలో బ్రిటిష్ సైన్యం డాక్టరుగా ఉన్నాడు. తర్వాత శవపరీక్షల శాస్త్రంలోకి వచ్చి, 1965 నుంచి 1996 దాకా బ్రిటిష్ హోం శాఖ తరఫున అనుమానాస్పద మరణాలు చూసినాడు. న్యాయవాద పట్టా కూడా తెచ్చుకున్నాడు. కార్డిఫ్‌లో ఆ శాస్త్రానికి ప్రొఫెసరు. ఫోరెన్సిక్ పెథాలజీ మీద ఆయన రాసిన పెద్ద పాఠ్యపుస్తకం చాలా దేశాల వైద్య విద్యార్థులకు తెలుసు. 1994లో గ్లాస్టర్ ఊర్లో ఫ్రెడ్ వెస్ట్ అనేవాడి ఇంట్లో పూడ్చిన శవాలు బయటపడినప్పుడు, ఆ ఎముకలను వెలికితీసి పరీక్షించింది ఈయనే.

ఇట్లాంటి మనిషి 1963 నుంచే నేర నవలలు రాస్తా వచ్చినాడు. 1972లో పాత వేల్స్ రాకుమారి నెస్ట్ మీద ఒక చారిత్రక నవల రాసినాడు. పదవి నుంచి దిగినాక, 1998లో ‘ది శాంక్చువరీ సీకర్’ అనే నవలతో క్రౌనర్ జాన్ వరస మొదలయింది. ఆ తర్వాత పద్నాలుగు ఏండ్లలో ఆ వరసలో పదిహేను నవలలు వచ్చినాయి.

కథా కాలం 1194. చోటు, ఇంగ్లండుకు నైరుతి మూల ఉన్న డెవన్ సీమ, దాని ముఖ్యపట్టణం ఎక్సెటర్. రిచర్డ్ రాజు జెరూసలేం యుద్ధాల నుంచి తిరిగి వస్తా, దోవలో శత్రువుల చేతికి చిక్కినాడు. విడిపించడానికి అడిగిన సొమ్ము 1,50,000 మార్కులు. మార్కు అంటే పౌనులో మూడింట రెండు వంతులు, కాబట్టి లక్ష పౌనులు. ఆ కాలానికి దేశాన్ని పిండితే గాని రాని సొమ్ము. ఖజానా ఖాళీ. 1194 సెప్టెంబరులో రాజు మంత్రి హ్యూబర్ట్ వాల్టర్ ఒక కొత్త ఉద్యోగం పుట్టించినాడు: ప్రతి సీమలోనూ ముగ్గురు వీరులు, ఒక గుమాస్తా కలిసి ‘రాజుగారి వ్యాజ్యాలు’ కాపాడాల. అదే కరోనర్ ఉద్యోగం. అనుమానంగా చచ్చిన ప్రతివాడి పీనుగను చూడడం, ఊరివాళ్ళను పంచులుగా కూర్చోబెట్టి విచారించడం, రాసుకోవడం, రాజుకు రావలసిన రొక్కం పోకుండా చూడడం వాళ్ళ పని.

నవలల్లో ఎక్సెటర్ కరోనర్ పేరు సర్ జాన్ డి వుల్ఫ్. యుద్ధాల్లో పండిన మనిషి. నల్లటోడు, మొరటోడు, కోపిష్టి. ‘కరోనర్’ అనేది కచేరీ మాట. జనం నోట అది ‘క్రౌనర్’ అయింది. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ నాటకంలో సమాధులు తవ్వేవాళ్ళు కూడా ‘క్రౌనర్’ అనే అంటారు. నైట్ తన నాయకుడికి కచేరీ పేరు పెట్టలేదు, జనం పేరు పెట్టినాడు. నాకు ఈ వరస మీద మొదట మనసు పోయింది ఆ ఒక్క మాట వల్లనే.

నేను బి.కాం. చదివి బ్యాంకులో పని చేసినవాణ్ణి. సాహిత్య విమర్శ నా వృత్తి కాదు. అయితే ఈ నవలల్లో లెక్కల పద్దు ఎంత గట్టిగా ఉందో మాత్రం చెప్పగలను. సాధారణంగా నేర నవలలో పోలీసు ఎందుకు పరిశోధిస్తాడంటే, న్యాయం కోసం. నైట్ నవలల్లో కరోనర్ వ్యవస్థ నడిచేది వసూళ్ళ మీద. పీనుగను మొదట చూసినవాడు కేకలు పెట్టి, దగ్గరి నాలుగు ఇండ్లవాళ్ళను లేపాల. లేపకపోతే జుల్మానా. కరోనర్ రాకముందే పూడ్చిపెడితే జుల్మానా. బండి మీద పడి మనిషి చచ్చిపోతే ఆ బండి విలువ కట్టి రాజుకు జమ చేయాల. దీన్ని ‘డియోడాండ్’ అనేవాళ్ళు. ఈ విడ్డూరం 1846 దాకా చట్టంలో ఉండింది. ఉరి పడినవాడి గొడ్డూ గోదా రాజుకే. సముద్రంలో పగిలిన ఓడ సరుకు, భూమిలో దొరికిన పాతర, అన్నిటికీ కరోనరే లెక్క రాయాల.

దీనివల్ల కథకు మంచి బిగువు వచ్చింది. ఊరివాళ్ళు పీనుగను చూసి భయపడేది దయ్యమని కాదు, ఖర్చు అని. రాత్రికి రాత్రి పీనుగను పక్క ఊరి పొలిమేరలోకి ఈడ్చి పారేయాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. అబద్ధం చెప్పేవాళ్ళంతా హంతకులు కారు, జుల్మానాకు బెదిరినవాళ్ళు కూడా. జాన్ బావమరిది రిచర్డ్ డి రెవెల్ ఆ సీమకు షెరిఫ్, వసూళ్ళలో చేతివాటం ఉన్నవాడు. కరోనర్ వస్తే తన రాబడికి గండి. బావా బావమరుదుల తగాదా పైకి కుటుంబ తగాదా మాదిరి కనిపించినా, అడుగున అది రెండు ఖాతాల తగాదా. చట్టం తెలిసినవాడు, కచేరీల లోపలి గుట్టు తెలిసినవాడు మాత్రమే ఇట్ల రాయగలడు.

ఇక శాస్త్రం. చారిత్రక నేర నవలకు పెద్ద గండం ఒకటుంది. నాయకుడు పాతకాలం వాడే గాని బుర్ర మాత్రం ఇప్పటిది. వాడు పీనుగను చూడగానే ‘రాత్రి పది, పదకొండు నడుమ చచ్చిపోయినాడు’ అనేస్తాడు. నైట్ ఈ పని చేయడు. కారణం ఆయన శాస్త్రమే. చావు ఏ గంటకు జరిగిందో లెక్కకట్టడం ఎంత కష్టమో వైద్య లోకానికి వివరించే పుస్తకానికి 1995లో సంపాదకుడిగా ఉన్నవాడు ఆయన. పీనుగ చల్లబడే తీరు, బిగుసుకునే తీరు మనిషి మనిషికీ మారతాయి. ఎండకూ చలికీ మారతాయి. ఒంటి మీద గుడ్డలను బట్టి మారతాయి. అంత తెలిసినవాడు కాబట్టి తన జాన్ చేత అంత తక్కువ చెప్పిస్తాడు. జాన్‌కు ఉండేది యుద్ధంలో గాయాలు చూసిన కన్ను, ముక్కు, వేలు. కత్తి గాయానికీ, గొడ్డలి గాయానికీ తేడా వాడికి తెలుసు. ముందు నుంచి పొడిచినారా, వెనక నుంచా అనేది తెలుసు. అంతకు మించి తెలియదు, తెలిసినట్టు నటించడు. పెద్ద శాస్త్రం చదివినవాడు నవల రాస్తే దాంట్లో శాస్త్రం తక్కువ కనపడాల. తెలిసిందీ తెలియనిదీ వేరుచేసి చూపడమే శాస్త్రం గనక.

ఈ నిజాయితీనే ఆయన భాషకు కూడా వర్తింపజేసినాడు. నవలల ముందు ఆయన చెప్పుకునే మాట సారాంశం ఇది: పాత వాసన కోసం ఇప్పటి ఇంగ్లీషుకు పాత ముసుగు వేయడం అబద్ధం, వృథా కూడా. 1194లో డెవన్ జనం మాట్లాడిన ఇంగ్లీషు ఇప్పుడు మన ముందు ఎవరైనా మాట్లాడితే ఒక్క ముక్క అర్థం కాదు. దొరలు నార్మన్ ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు. గుడి వ్యవహారం, కచేరీ రాత అంతా లాటిన్. పడమటి దిక్కు జనంలో చాలామందిది కార్నిష్, వెల్ష్ నుడికి చెల్లెలు. కాబట్టి అందరి చేతా ఇప్పటి మామూలు ఇంగ్లీషే పలికిస్తానని ఆయన ముందే చెప్పేస్తాడు.

పలికిస్తూనే, ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారో కథలో గుర్తు చేస్తా పోతాడు. జాన్ షెరిఫ్‌తో ఫ్రెంచిలో, పల్లెవాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడతాడు. అతని బంటు గ్విన్ కార్న్‌వాల్ నుంచి వచ్చిన బెస్తవాడు. తల్లి వైపు నుంచి జాన్‌కు వచ్చిన వెల్ష్, గ్విన్ కార్నిష్ ఒకదానికొకటి అందుతాయి. జాన్ మనసుపడిన నెస్టా వేల్స్ నుంచి వచ్చి ఎక్సెటర్‌లో సారాయి అంగడి నడిపే ఆమె. ఆమెతో వెల్ష్. గుమాస్తా థామస్ డి పేన్ మాత్రం లాటిన్‌లో రాస్తాడు. కరోనర్‌కేమో చదువు రాదు. అక్షరాలు నేర్చుకోవడానికి తంటాలు పడతా ఉంటాడు.

ఇది మనకు కొత్తా? హొసూరు సంతలో ఒక పొద్దు నిలబడితే చాలు. తెలుగు, కన్నడం, తమిళం, తురకోళ్ళ ఉర్దూ, లంబాడీ, అన్నీ ఒకే తక్కెడ దగ్గర వినపడతాయి. మా బ్యాంకు పనిలో కూడా ఇదే వరస. అప్పు పత్రం ఇంగ్లీషులో ఉంటుంది. రైతు దాన్ని చదవలేడు. వేలిముద్ర పక్కన ‘ఇందులోని సంగతులు నాకు తెలిసిన భాషలో చదివి వినిపించినారు, నాకు అర్థమయినాయి’ అని ఒక వాక్యం ఉండాల. వినిపించింది తెలుగులో, రైతు ప్రశ్నలు అడిగింది తెలుగులో, ఆఫీసరు ఒప్పించింది తెలుగులో. ఫైల్లో మిగిలింది ఇంగ్లీషు వాక్యం ఒక్కటే. యాభై ఏండ్ల తర్వాత ఆ ఫైలు చూసినవాడికి ఆ గదిలో తెలుగు ఉండిందని కూడా తెలియదు. థామస్ లాటిన్ చుట్టలు చదివినప్పుడల్లా నాకు ఆ వాక్యమే గుర్తుకొస్తుంది.

ఇంతవరకూ నైట్‌తో నాకు ఏకీభావమే. ఇక ఆయన ఎక్కడ నిలిచిపోయినాడో చెప్తాను.

‘పాత భాష పలికించలేను, కాబట్టి ఇప్పటి భాష వాడతాను’ అన్నాడు, సరే. అయితే ఇప్పటి భాష అంటే ఏది? ఇప్పటి ఇంగ్లీషు ఒకటా? డెవన్ పల్లెవాడి ఇంగ్లీషు వేరు, లండన్ దొర ఇంగ్లీషు వేరు, కార్డిఫ్ రేవు ఇంగ్లీషు వేరు. ఇవన్నీ ఇప్పటివే, బతికున్నవే. వాటిలో నుంచి నైట్ ఎక్కువగా తీసుకున్నది ఒకే ఒక్క ఇంగ్లీషు, బడి ఇంగ్లీషు. అందువల్ల బెస్త గ్విన్, షెరిఫ్ రెవెల్, పాలేరు, పాదిరి, అందరి మాటా దగ్గర దగ్గర ఒకే తీరు. ‘వాడు కార్నిష్‌లో అన్నాడు’ అని రచయిత చెప్తే నమ్ముతాము. చెవికి మాత్రం వినపడదు. పాత ముసుగు వేయడం అబద్ధమన్నాడే, మరి అందరికీ ఒకే బడి చొక్కా తొడగడం ఏ రకం నిజం?

ఇది అలంకారం సంగతి కాదు. నేర నవలలో మాట ఒక సాక్ష్యం. గాయాన్ని చూసి కత్తిని చెప్పగలిగినట్టే, మాటను విని మనిషి ఊరు చెప్పవచ్చు. నా వృత్తిలో నుంచే ఒక ఉదాహరణ. బ్యాంకు కౌంటరు దగ్గర సొమ్మును ‘దుడ్లు’ అన్నవాడు మన హొసూరు, కోలారు, అనంతపురం దిక్కు మనిషి. ‘లెక్క’ అన్నవాడు కడప, చిత్తూరు వైపు వాడు. ‘డబ్బులు’ అంటే కోస్తా. ‘పైసలు’ అంటే తెలంగాణ. ఒక్క మాటలో నాలుగు సీమలు. సంతకం దొంగది కావచ్చు, పేరు దొంగది కావచ్చు. తొందరలో నోట్లో నుంచి వచ్చిన మాట మాత్రం అంత సులభంగా దొంగది కాదు. పీనుగ గోళ్ళ కింద మట్టిని చూడడం తెలిసిన నైట్, బతికున్నోళ్ళ నాలుక కింద మట్టిని చూడలేదు. మనిషి నార్మనా ఇంగ్లీషువాడా అనే ప్రశ్న మీద జుల్మానా నడిచే కాలాన్ని ఎంచుకుని, మాటను సాక్ష్యంగా అంత తక్కువ వాడడం పెద్ద అవకాశాన్ని వదులుకోవడమే.

దీనికి ఎదురుగా ఉంబెర్టో ఎకో ఉన్నాడు. 1980లో వచ్చిన ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’ కూడా మధ్యయుగపు హత్యల కథే. దాంట్లో సాల్వటోర్ అనే సన్యాసి నోట్లో అన్ని భాషలూ కలగాపులగంగా వస్తాయి, ఏ ఒక్కటీ పూర్తిగా ఉండదు. ఆ మాటతీరులోనే వాడి బతుకంతా ఉంది, వాడు తిరిగిన దేశాలు, తిన్న దెబ్బలు, తిరుగుబాటుదార్లతో తిరిగిన పాత రోజులు. ఎకో భాషల శాస్త్రం తెలిసినవాడు, నైట్ శవాల శాస్త్రం తెలిసినవాడు. ఎవరి చెవి వాళ్ళది. నైట్‌తో కలిసి పని చేసిన సుసానా గ్రెగరీ కూడా శాస్త్రం నుంచి వచ్చిన ఆమే. 1348 ప్లేగు కాలపు కేంబ్రిడ్జిలో మాథ్యూ బార్తలోమ్యూ అనే వైద్యుడి కథలు రాసింది. ఆమె దగ్గరా జబ్బు, మందు, విద్యాలయాల కొట్లాటలు చక్కగా ఉంటాయి. మాటల తేడా మాత్రం పలుచన.

ఇంకో రెండు లోపాలు కూడా చెప్పాల. ప్రతి నవలలోనూ కరోనర్ ఉద్యోగం ఏమిటో, జుల్మానాలు ఏమిటో మళ్ళీ మొదటి నుంచి పాఠం చెప్తాడు. వరసగా చదివేవాళ్ళకు విసుగు. జాన్ పెండ్లాం మటిల్డాను గుడి పిచ్చి, సణుగుడు తప్ప ఇంకేమీ లేని మనిషిగా చాలా నవలలు లాగించినాడు. మొగుడు ఊరంతా తిరుగుతా ఉంటే ఆమె ఎందుకు అట్ల అయిందో లోపలికి పోయి చూసింది తక్కువ. పీనుగల దగ్గర చూపిన ఓపిక ఆమె దగ్గర కూడా చూపి ఉంటే బాగుండేది.

గ్విన్ మాట్లాడిన కార్నిష్ సంగతికి వద్దాం. నవలలో అది కండ పట్టిన నుడి. గ్విన్ ఊర్లో అందరూ మాట్లాడేది. పోటుగాడి నోట ఉన్నది. అట్లాంటి నుడి నూరేండ్లు, నూరేండ్లు వెనక్కి జరగతా, పడమటి కొసకు పోయి, పద్దెనిమిదో శతాబ్దం చివరికి ఇండ్లలో నుంచి పోయింది. మౌస్‌హోల్ అనే పల్లెలో చేపలమ్మిన డాలీ పెంట్రీత్ అనే ముసలామె 1777లో చచ్చిపోయింది. దాన్ని పుట్టునుడిగా మాట్లాడిన చివరి మనిషి ఆమేనని లోకం చెప్పుకుంటుంది. ఇప్పుడు కొందరు ఆసక్తితో మళ్ళీ నేర్చుకుంటా ఉండారు. అదృష్టమే. అయితే పాలు తాగేటప్పుడు విన్నది వేరు, పుస్తకంలో నేర్చుకున్నది వేరు. వెల్ష్‌కు కూడా గండం వచ్చింది. 1536లో ఎనిమిదో హెన్రీ కాలపు చట్టం వేల్స్ న్యాయస్థానాల్లో ఇంగ్లీషు తప్ప ఇంకోటి వద్దన్నది. ఆ దేశంలో పుట్టిన నైట్‌కు ఇదంతా తెలియనిది కాదు. గ్విన్ చేత కార్నిష్ మాట్లాడిస్తున్నానని పదే పదే చెప్పడం వెనక ఆ జ్ఞాపకం ఉందనిపిస్తుంది నాకు. దాని ధ్వని వినిపించి ఉంటే ఆ జ్ఞాపకం చదివేవాళ్ళది కూడా అయ్యేది.

మన సీమకు వస్తే, సాక్ష్యాల పరిస్థితి ఇంకా విచిత్రం. కృష్ణగిరి, ధర్మపురి దిక్కున పొలాల్లో, చెరువు గట్ల మీద వీరగల్లులు ఎన్నో ఉండాయి. కొన్నిటిని వేడియప్పన్ అని ఇప్పటికీ కొలుస్తారు. ఆ రాళ్ళ మీద ఉన్నది చాలావరకు నేరమూ, చావే: ఫలానావాడు ఊరి ఆలమందను తోలుకుపోయే దొంగలను అడ్డుకుని పడిపోయినాడు అని. అంటే అవి మన క్రౌనర్ చుట్టలు. రాత మాత్రం ఎక్కువగా తమిళం, కొన్ని చోట్ల కన్నడం. తమిళ రాళ్ళలో మందను ‘తొఱు’ అంటారు, కన్నడంలో ‘తుఱు’. మన పాత తెలుగులో ‘తొఱ్ఱు’ అంటే ఆవే. మూడూ ఒకే కడుపున పుట్టిన మాటలు. ఆ పొద్దు మందను తోలేటప్పుడు ఎవరు ఏ మాటతో అరిచినారో రాయి చెప్పదు. రాయించినవాడి భాష రాయి మీద, కాపలా కాసినవాడి భాష గాలిలో.

తర్వాత కాలమూ అంతే. 1792లో బారామహల్ కుంపిణీ చేతికి వచ్చినాక అలెగ్జాండర్ రీడ్, అతని కింద థామస్ మన్రో ఊరూరా తిరిగి భూములు కొలిపించినారు. హొసూరు దిక్కు 1799లో టిప్పు పడిపోయినాక వాళ్ళ చేతికి వచ్చింది. ఆ దస్త్రాల్లో పంట ఉంది, శిస్తు ఉంది, గొడ్ల లెక్క ఉంది. కొలతకాడు గట్టు మీద నిలబడి అడిగినప్పుడు రైతు ఏ మాటలో జవాబు చెప్పినాడో ఆ ఇంగ్లీషులో యాడ వెదకాల?

ఇప్పటి కాలం సంగతి చదువర్లకు తెలిసిందే. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, ఏటా ఒక తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం మీద నాకు ఏ కక్షా లేదు. నా బతుకు సగం ఆ భాషలోనే జరిగింది. బడిలో తెలుగు అక్షరం తగ్గేకొద్దీ మన మాట మళ్ళీ గాలిలోకే పోతుందనే బెంగ ఒక్కటే.

తెలుగు చారిత్రక నవలల్లో, సినిమాల్లో ఎక్కువగా ఏం చేస్తారంటే, కాలం వెనక్కి పోగానే భాషను పైకెత్తుతారు. రాజు, మంత్రి, కావలివాడు, దొంగ, అందరూ గ్రంథాల తెలుగే. విజయనగర కాలంలో కృష్ణగిరి కోట కింద గొడ్లు కాచే పిల్లోడు కూడా ‘నేనెరుగను ప్రభూ’ అంటాడు. నైట్ చెప్పిన మొదటి సగం మనవాళ్ళు ఇక్కడ వినాల: అది పాత భాష కాదు, పాత ముసుగు. ఆ పిల్లోడు అసలు మాట్లాడిన మాట మనకు చిక్కదు. చిక్కనప్పుడు ఇప్పటి మాట ఒకటి అప్పు తీసుకోక తప్పదు. అప్పు ఎట్లా తీసుకోవాలి కదా, పత్రికల తెలుగు దగ్గర, బెజవాడ తెలుగు దగ్గర ఎందుకు తీసుకోవాల? ఆ కోట కింద ఇప్పటికీ గొడ్లు కాసే వాండ్ల మాట అక్కడే ఉండాది కదా? ‘నాకేం తెల్దు సామీ, నేను ఆడ లేనే లేను’ అని ఆ పిల్లోడి చేత అనిపిస్తే అది 1500 నాటి తెలుగు అని ఎవరూ మోసపోరు. అయినా ఆ పిల్లోడు ఆ మట్టి మీద నిలబడతాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా ఉంది, అది నైట్ దగ్గర నేర్చుకున్నదే. ఈ పొద్దు మనం ‘దుడ్లు’ అంటున్నాము కాబట్టి ఐదు నూర్ల ఏండ్ల కింద కూడా అనేవాళ్ళు అని కథలో చూపితే, అది గంట లెక్క చెప్పే డాక్టరు పని అవుతుంది. ఇప్పటి మాటను సాక్ష్యంగా నిలబెట్టకూడదు. మాటల నడుమ ఉన్న దూరాన్ని నిలబెట్టవచ్చు. కోట దండనాయకుడి మాట ఒక తీరు, వలస వచ్చిన నేతగాడిది ఇంకో తీరు, కన్నడ గౌడుది, తమిళ వేలిగాడిది వేరే తీరు అని చెవికి వినిపిస్తే, చదివేవాడే పోలిక పట్టి దొంగను పట్టుకుంటాడు.

మాండలికం కథ మోయలేదనే మాట ఇప్పుడు ఎవరూ అనలేరు. చిత్తూరు మాటలో నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ రాసినాడు. పులికాటు చెరువు మాటలో స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ రాసినాడు. ఏడ్పించగలిగిన మాట, నవ్వించగలిగిన మాట, హంతకుణ్ణి పట్టించలేదా? మన దిక్కు కథకులు బాల్యం గురించి, సేద్యం గురించి, జాతర గురించి బాగానే రాసినారు. చరిత్రలోకి, నేరంలోకి ఇంకా పోవాల. వీరగల్లు ప్రతి ఒక్కటీ సగం చెప్పి ఆపేసిన కథ.

ఈ వరస చదవాలనుకునేవాళ్ళు ‘ది శాంక్చువరీ సీకర్’తోనే మొదలుపెట్టండి. జెరూసలేం నుంచి తిరిగి వచ్చిన ఒక వీరుడి పీనుగ విడికోంబ్ అనే కొండపల్లెలో దొరకడంతో మొదలవుతుంది. పీనుగ దొరికిన ఊరివాళ్ళు ఏం దాస్తున్నారో, ఎందుకు దాస్తున్నారో గమనించండి. ‘ఫలానావాడు ఫలానా భాషలో అన్నాడు’ అని వచ్చిన ప్రతి చోటా ఒక్క నిమిషం నిలిచి, ఆ మాటను మన సంతలో ఎవరి నోట వినగలరో ఆలోచించండి. రాయాలనే కోరిక ఉన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, అవ్వా తాతల మాటలు ఇప్పుడే రాసి పెట్టుకోమనండి. మందను, గట్టును, కొట్లాటను, చావును వాళ్ళు ఏ మాటతో చెప్తారో తేదీ, ఊరి పేరుతో సహా రాసుకోవాల. నవల వచ్చినా రాకపోయినా, ఆ కాగితం నిలుస్తుంది.